వన్-వే కంటే రిటర్న్ ఎందుకు చవక? అమెరికా టికెట్ కొనేముందు ఏమేం చూసుకోవాలి

హైదరాబాద్ నుంచి డాలస్‌కి వన్-వే టికెట్ ధర చూస్తారు. చూసి, పనిలో పనిగా రిటర్న్ కూడా కొట్టి చూస్తారు. రానూపోనూ కలిపిన ధర వెళ్లడానికయ్యే ధర కంటే కొంచెమే ఎక్కువ ఉంటుంది, ఒక్కోసారి తక్కువే ఉంటుంది. సైట్‌లో ఏదో తేడా జరిగిందనుకుని మళ్లీ రిఫ్రెష్ చేస్తారు. తేడా ఏమీ జరగలేదు, ఆ ధర అలాగే పెట్టారు.

మనవడు పుట్టాడని అమెరికా బయల్దేరే అమ్మానాన్నలకో, ఆగస్టులో చదువుకి వెళ్లే పిల్లలకో టికెట్లు తీసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విజయవాడ నుంచి బెంగళూరు వెళ్లేవాళ్లకి ఇందులో సగం అక్కర్లేదు. దేశంలో తిరిగే విమానాలకి దాదాపు అన్ని ఎయిర్‌లైన్లూ ఒక్కో వైపు విడిగా ధర పెడతాయి. రిటర్న్ అంటే రెండు వన్-వేల మొత్తం, అంతే. వెళ్లేది ఒక కంపెనీలో, వచ్చేది ఇంకో కంపెనీలో తీసుకున్నా ధరలో నష్టమేమీ లేదు. చిక్కంతా దూరపు అంతర్జాతీయ ప్రయాణాలతోనే.

ఆ ధర ఎక్కడినుంచి వస్తుంది

ఆర్టీసీ బస్సులో కిలోమీటర్లని బట్టి టికెట్ కొడతారు. విమానంలో దూరం లెక్క చాలా తక్కువ. మీరు కొనేది సీటుతో పాటు దానికి కట్టిన షరతుల మూట. ఎకానమీలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి టికెట్ల మీద వేర్వేరు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి, ఒకరిది వై, ఒకరిది క్యూ. వీటిని బుకింగ్ క్లాసులంటారు. భోజనం ఒకటే, కాళ్లు చాపుకునే చోటు ఒకటే. తేడా అంతా ఎన్ని రోజుల ముందు కొనాలి, అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చు, తేదీ మార్చుకుంటే ఎంత కట్టాలి, రద్దు చేస్తే ఎంత తిరిగొస్తుంది అన్న వాటిలో. చవక అక్షరంలో కేటాయించిన సీట్లు అయిపోతే, విమానం సగం ఖాళీగా ఉన్నా సరే, మీకు పై అక్షరం ధరే కనిపిస్తుంది.

రిటర్న్‌కి తక్కువ ధర పెట్టడం వెనక పాత కథ ఉంది. అమెరికాలో 1978లో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. చవక ఎయిర్‌లైన్లు పుట్టుకొచ్చి పాత కంపెనీల ప్రయాణికుల్ని లాక్కున్నాయి. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అల్టిమేట్ సూపర్ సేవర్ అని బాగా తగ్గించిన ధరలు తెచ్చింది. కానీ వాటికి షరతులు పెట్టింది: ముందుగా కొనాలి, వెళ్లిన చోట శనివారం రాత్రి ఉండి రావాలి. ఆఫీసు పని మీద వెళ్లేవాడు శుక్రవారం రాత్రికి ఇంటికి చేరాలనుకుంటాడు, టికెట్ డబ్బులు అతని జేబులోంచి పోవు. చుట్టాలని చూడటానికి వెళ్లేవాళ్లు వారాంతం అక్కడే ఉంటారు, డబ్బులు లెక్క చూసుకుంటారు. ఆ ఒక్క శనివారంతో ఇద్దరినీ విడదీశారు. రిటర్న్ షరతు కూడా అదే పని చేస్తుంది. ఎప్పుడు తిరిగొస్తాడో తెలియనివాడు వన్-వే కొంటాడు, అతనికి వేరే దారి లేదు కాబట్టి ఎక్కువ కడతాడని కంపెనీ అంచనా. మీ పిల్లాడు చదువుకి వెళ్తూ వన్-వే కొంటే, ఆ లెక్కలో వాడు కూడా కంపెనీ ఖర్చు మీద తిరిగే మేనేజర్ పక్కన పడతాడు.

ముందుగా మూడు ధరలు రాసుకోండి

తేదీలు అనుకున్నాక కాగితం తీసుకోండి. ఒకే ఎయిర్‌లైన్‌లో రిటర్న్ ఎంత, అదే ఎయిర్‌లైన్‌లో రెండు వన్-వేలు ఎంత, వేర్వేరు ఎయిర్‌లైన్లలో రెండు వన్-వేలు ఎంత అని రాయండి. గూగుల్ ఫ్లైట్స్‌లో రిటర్న్ వెతికితే మొదటి పేజీలోనే రానూపోనూ కలిపిన ధర చూపిస్తుంది. అన్ని సైట్లూ అలా చూపించవు, కొన్ని ఒక వైపు ధరే పెద్దక్షరాల్లో వేసి ఊరిస్తాయి. అందుకే డబ్బులు కట్టే పేజీ దాకా వెళ్లి, పన్నులన్నీ కలిసిన చివరి అంకెనే రాసుకోవాలి.

నలుగురికి టికెట్లు కావాలంటే ముందు ఒక్కరికే వెతకండి. ఇది చాలామందికి తెలియదు. చవక క్లాసులో మూడు సీట్లే మిగిలి ఉంటే, నలుగురి కోసం అడిగినప్పుడు సిస్టం నలుగురికీ కలిపి పై క్లాసు ధర చూపిస్తుంది. ముగ్గురిని చవకలో, ఒకరిని ఖరీదులో అని తనంతట తాను విడగొట్టదు. ఒకరికి వెతికినప్పటి ధర, నలుగురికి వెతికినప్పుడు తలా పడే ధర వేరుగా ఉంటే విషయం అదే. అప్పుడు మూడు టికెట్లు ఒక పీఎన్‌ఆర్‌లో, ఒకటి ఇంకో పీఎన్‌ఆర్‌లో తీసుకోవచ్చు. కానీ విమానం రద్దయితే రెండు పీఎన్‌ఆర్‌లనీ వేర్వేరు విమానాల్లో సర్దే ప్రమాదం ఉంది. ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి రెండూ ఒకే కుటుంబానివని రికార్డులో రాయించండి. పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ ఉంటే మాత్రం ఆ నాలుగు డబ్బుల కోసం విడగొట్టకండి.

ఎక్కువసార్లు వెతికితే ధర పెంచేస్తారని, మొబైల్‌లో ఇన్‌కాగ్నిటో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. చూస్తూ చూస్తూ ఉండగానే ధర పెరిగిందంటే చాలావరకు ఆ అక్షరంలో సీటు ఎవరో కొనేసుంటారు. ఇన్‌కాగ్నిటోలో చూడటం వల్ల పోయేదేమీ లేదు, వచ్చేదీ పెద్దగా ఉండదు.

ప్రయాణం ఎక్కడ మొదలవుతుందో చూడండి

హైదరాబాద్–డాలస్–హైదరాబాద్, డాలస్–హైదరాబాద్–డాలస్. విమానాలు అవే, ధరలు వేరు. టికెట్ ఏ దేశంలో మొదలైతే ఆ దేశపు మార్కెట్‌ని బట్టి, ఆ కరెన్సీలో ధర పెడతారు. రద్దీ కూడా రెండు వైపులా ఒకేసారి ఉండదు. జులై ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మన వైపు నుంచి విద్యార్థుల తాకిడి, డిసెంబర్‌లో క్రిస్మస్ సెలవులకి అటు నుంచి ఇటు తాకిడి. కొన్ని ఫేర్లలో (అంటే షరతులతో కట్టిన ధరల్లో) బయల్దేరే తేదీ ఏ సీజన్‌లో పడితే మొత్తం టికెట్‌కీ ఆ సీజన్ ధరే వర్తిస్తుంది. అందువల్ల బయల్దేరే తేదీని నాలుగు రోజులు అటూ ఇటూ జరిపితే మిగిలే డబ్బు, తిరిగొచ్చే తేదీని జరిపితే మిగలకపోవచ్చు. వారాంతపు ధర, వారం మధ్య ధర అని కూడా తేడా ఉంటుంది. ముందు బయల్దేరే తేదీతో ఆడుకోండి.

ఏటా ఇండియా వచ్చే ఎన్నారైలకి ఇక్కడో చిట్కా ఉంది. ఈసారి ఇటునుంచి వెళ్లేటప్పుడు వన్-వే కాకుండా హైదరాబాద్‌లో మొదలై మళ్లీ హైదరాబాద్‌కే వచ్చే రిటర్న్ తీసుకుంటే, మళ్లీ ఇండియా వచ్చే ప్రయాణం అందులోనే కలిసిపోతుంది. ఆ తేదీ ఇప్పుడే తెలిసుండాలి, టికెట్ గడువులోపల ఉండాలి. ఆ రెండూ కుదిరినప్పుడే ఇది పనికొస్తుంది.

పిల్లాడికి వన్-వేనా, రిటర్నా?

ఆగస్టులో వెళ్లే విద్యార్థి విషయంలో ఎవర్ని అడిగినా ఒక్కో మాట చెప్తారు. ఇలా తేల్చుకోండి. రిటర్న్ టికెట్ సాధారణంగా ప్రయాణం మొదలైన రోజు నుంచి ఏడాది దాటి పనిచేయదు. చవక ఫేర్లకి అంతకంటే తక్కువ గడువు, నెల, మూడు నెలలు, ఆరు నెలలు అని ఉంటుంది. పైగా ఎయిర్‌లైన్లు దాదాపు పదకొండు నెలల ముందు వరకే సీట్లు అమ్మకానికి పెడతాయి. కాబట్టి ఈ ఆగస్టులో వెళ్లి రెండేళ్ల తర్వాత వస్తాననే పిల్లాడికి రిటర్న్ దండగ. డిసెంబర్ సెలవులకో, వచ్చే మే నెలకో ఇంటికి రావడం ఖాయమైతే రిటర్న్ చూడాలి.

వన్-వేకీ రిటర్న్‌కీ మధ్య తేడా చిన్నదైతే, తేదీ మార్చుకోవచ్చనే ఫేర్‌లో రిటర్న్ తీసుకోవచ్చు. ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోండి: తేదీ మార్పు ఉచితం అని రాసినంత మాత్రాన మొత్తం ఉచితం కాదు. మార్పు రుసుము లేదని మాత్రమే దాని అర్థం. కొత్త తేదీన మీ అక్షరంలో సీటు లేకపోతే ధరలో తేడా మీరే కట్టాలి. డిసెంబర్ 20కి మార్చుకోబోతే ఆ తేడాయే కొత్త టికెట్‌తో సమానంగా ఉండొచ్చు.

స్టూడెంట్ ఫేర్లు కూడా విడిగా చూడండి. అవి ధరలో కంటే లగేజీలో ఎక్కువ కలిసొస్తాయి. ఆవకాయ సీసాలూ ప్రెషర్ కుక్కరూ మోసుకెళ్లే ఇంట్లో అదనపు పెట్టె విలువ తక్కువేం కాదు. అమెరికా వెళ్లే విమానాల్లో 23 కిలోల పెట్టెలు రెండు ఇవ్వడం చాలాకాలంగా ఆనవాయితీ. కొన్ని ఎయిర్‌లైన్లు మరీ చవక ఫేర్లలో దాన్ని ఒకటికి తగ్గించేశాయి. రెండో పెట్టెకి విడిగా కట్టాల్సింది కలుపుకుంటే చవక టికెట్ చవక కాకుండా పోతుంది.

సగం వాడి సగం వదిలేస్తే

అమ్మానాన్నల టికెట్లలో ఎక్కువగా గొడవయ్యేది ఇక్కడే. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకి ఎంతకాలం ఉండొచ్చో దిగిన చోట అధికారి నిర్ణయిస్తారు, మామూలుగా ఆరు నెలలదాకా ఇస్తారు. ఆరు నెలలకి రిటర్న్ తీస్తాం. మధ్యలో ప్లాన్ మారి, వాళ్లు వేరే ఎయిర్‌లైన్‌లో వచ్చేస్తారు. సగం వాడాం కదా, సగం డబ్బులు వస్తాయి అనుకుంటాం.

రావు. ఉదాహరణకి రిటర్న్ లక్షా పదివేలు అనుకుందాం, ఆ రోజుకి వన్-వే తొంభై అయిదు వేలు. రిఫండ్ లెక్కలో వెళ్లిన ప్రయాణానికి యాభై అయిదు వేలు తీసెయ్యరు, తొంభై అయిదు వేలు తీసేస్తారు. మీరు వాడింది వన్-వే కాబట్టి వన్-వే ధరే కట్టినట్టు లెక్క. మిగిలిన పదిహేను వేలల్లోంచి రద్దు ఛార్జీలు పోతాయి. వన్-వే ధరే రిటర్న్ కంటే ఎక్కువున్న రూట్లలో మిగిలేది సున్నా. టికెట్ నాన్ రిఫండబుల్ అయినా, అసలు విమానమే ఎక్కకపోయినా, ప్రభుత్వ పన్నులూ విమానాశ్రయ రుసుములూ తిరిగివ్వాలని మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన ఉంది. వాడని సగానికి ఆ మేరకైనా అడగండి. అడిగితేనే కదులుతుంది.

దీనికంటే ప్రమాదకరమైనది వరస తప్పడం. టికెట్‌లోని ప్రయాణాలని రాసిన వరసలోనే వాడాలి. విజయవాడ–ఢిల్లీ–న్యూయార్క్ అని ఒకే టికెట్ తీసుకున్నారనుకోండి. రెండు రోజుల ముందే ఢిల్లీలో పెళ్లికి వెళ్లి, అక్కడినుంచే విమానం ఎక్కుదాం అనుకుంటే కుదరదు. విజయవాడ విమానం ఎక్కకపోతే మీరు రాలేదని నమోదవుతుంది. మిగతా టికెట్ మొత్తం, తిరుగు ప్రయాణంతో సహా, రద్దైపోతుంది. ఇలాంటి అవసరం ఉంటే ముందే ఫోన్ చేసి టికెట్ మార్పించుకోవాలి, దానికి డబ్బులు అడుగుతారు. అలాగని విజయవాడ–ఢిల్లీ విడిగా కొనుక్కోవడం కూడా నేను చెప్పను. పొగమంచుకి ఆ విమానం ఆలస్యమైతే న్యూయార్క్ విమానం బాధ్యత ఎవరిదీ కాదు. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో కూర్చోబెట్టడం ఎయిర్‌లైన్ పని.

మరి చవకగా వస్తుందని రిటర్న్ కొని, తిరుగు ప్రయాణాన్ని కావాలనే వదిలేస్తే? చాలా ఎయిర్‌లైన్ల షరతులు దీన్ని ఒప్పుకోవు. ఒకసారి జరిగిన దానికి ఎవరూ వెంటపడరు గానీ, అదే పనిగా చేస్తే ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ఖాతా (తరచూ తిరిగేవాళ్లకి మైళ్ల పేరుతో పాయింట్లు వేసే ఖాతా) మూసేయొచ్చు. మధ్యలో దిగిపోయే పద్ధతి ఇంకా గొడవ. లండన్ దాకా కొనడం కంటే లండన్ మీదుగా ఇంకో ఊరికి కొనడం చవకని, లండన్‌లోనే దిగిపోవడం అన్నమాట. ఇలాంటి టికెట్లు వెతికి చూపించే స్కిప్‌లాగ్డ్ అనే సైట్‌ మీద అమెరికన్ ఎయిర్‌లైన్స్ వేసిన కేసులో, 2024 అక్టోబర్‌లో టెక్సస్ జ్యూరీ లోగో కాపీరైట్ విషయంలో 94 లక్షల డాలర్లు కట్టమంది. ప్రయాణికుడి వైపునుంచి అసలు ఇబ్బంది వేరే ఉంది: చెకిన్ చేసిన పెట్టె మీతో దిగదు, చివరి ఊరికి వెళ్లిపోతుంది.

అప్‌గ్రేడ్: ఎప్పుడు, ఏ ముక్కకి

బిజినెస్ క్లాస్ అనగానే రెండు వైపులా, మొత్తం దూరం అనుకుని ధర చూసి వదిలేస్తారు. అలా చూడకండి. హైదరాబాద్ నుంచి దోహాకి నాలుగు గంటల పైచిలుకు. దోహా నుంచి డాలస్‌కి పదహారు గంటలకి దగ్గర. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి పడుకునే సీటు కావాల్సింది రెండో ముక్కలోనే. అప్‌గ్రేడ్ దేనికి కొంటున్నారో ముక్క ముక్కగా అడగండి.

కొనేముందే చూడాల్సినవి రెండు. ఒకటి, వెళ్లేటప్పుడు ఎకానమీ, వచ్చేటప్పుడు బిజినెస్ అని ఒకే రిటర్న్‌లో కలపొచ్చు. పెద్ద ఎయిర్‌లైన్లు రిటర్న్‌ని రెండు సగాలుగా లెక్కకట్టి కలుపుతాయి. వాళ్ల సైట్‌లో మల్టీ-సిటీ అనే చోట వెతికి, ఒక్కో ప్రయాణానికి క్లాసు మార్చే వీలుందేమో చూడండి. లేకపోతే ట్రావెల్ ఏజెంట్‌కి చెప్తే చేసి పెడతారు. రెండు వన్-వేలుగా కొనడం కంటే ఇది చాలా తక్కువలో పోతుంది. రెండు, ఆఖరి నిమిషంలో కొనాల్సి వచ్చినప్పుడు ఎకానమీలో మిగిలేవి బాగా ఖరీదైన, పూర్తిగా మార్చుకోగల అక్షరాలు. బిజినెస్‌లో తగ్గింపు అక్షరం ఇంకా ఖాళీ ఉంటే, బిజినెస్ ధర ఎకానమీకి దగ్గరగా, అరుదుగా దానికంటే తక్కువగా కూడా కనిపిస్తుంది. అత్యవసరంగా బయల్దేరేవాళ్లు రెండూ చూడాలి.

పన్ను కూడా లెక్కలోకి తీసుకోండి. ఇండియాలో కొనే టికెట్ మీద ఎకానమీకి జీఎస్టీ 5 శాతం. మిగతా క్లాసులన్నిటికీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాస్తా 18 అయింది. ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్యలో ఉండే ప్రీమియం ఎకానమీ పేరులో ఎకానమీ ఉన్నా పన్ను మాత్రం 18 శాతమే. కాళ్లు కాస్త చాపుకోవడానికి ప్రీమియం ఎకానమీ తీసుకుందామనుకునేవాళ్లు ముందు ఎకానమీలోనే ముందు వరస సీటుకో, ఎమర్జెన్సీ తలుపు పక్క సీటుకో ఎంత అడుగుతున్నారో చూడండి. ఎమర్జెన్సీ తలుపు దగ్గర వృద్ధుల్ని కూర్చోబెట్టరు, అది గుర్తుంచుకోండి.

టికెట్ కొన్నాక వచ్చే అప్‌గ్రేడ్లు మూడు రకాలు: మైళ్లతో, వేలంతో, చెకిన్ సమయంలో నగదు ఆఫర్‌తో. మైళ్లతో చేయించుకోవాలంటే మీ ఎకానమీ అక్షరం దానికి అర్హమైనదై ఉండాలి. బాగా చవకైన అక్షరాలకి చాలా ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు. అప్‌గ్రేడ్ ఉద్దేశం ఉంటే, టికెట్ కొనేటప్పుడే ఒక మెట్టు పైనున్న ఫేర్ తీసుకోవడం లాభం. రెండూ కలిపి లెక్కేసి చూడండి.

వేలం అంటే, ప్రయాణానికి కొన్ని రోజుల ముందు మెయిల్ వస్తుంది, బిజినెస్ సీటుకి ఎంత ఇస్తారో చెప్పండి అని. అక్కడ రాసే అంకె ఒక్కరికి, ఒక్క ముక్కకి. ఇద్దరు ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే రెట్టింపు పోతుంది. సాధారణంగా ఇస్తే ఇద్దరికీ ఇస్తారు, లేకపోతే ఇద్దరికీ ఇవ్వరు. టికెట్ మీద ఒక ఎయిర్‌లైన్ పేరుండి విమానం ఇంకో ఎయిర్‌లైన్‌దైతే వేలం మామూలుగా పనిచేయదు. బిడ్ ఒప్పుకుంటేనే డబ్బు కోస్తారు, కోశాక తిరిగివ్వరు. నా పద్ధతి ఒకటే: అదే విమానంలో బిజినెస్ నేరుగా కొంటే ఎకానమీకంటే ఎంత ఎక్కువో చూసి, ఆ తేడాలో సగం దాటి ఎప్పుడూ వేలం పాడను. కింద మీటర్‌లాంటి బొమ్మ మీ అవకాశం తక్కువని ఎర్రగా చూపిస్తూ ఎగదోస్తుంది, దాన్ని పట్టించుకోకండి.

ఇంకో మెలిక. ఇలా అప్‌గ్రేడ్ అయినా టికెట్ పాతదే. రద్దు షరతులు, తేదీ మార్పు రుసుము ఎకానమీవే ఉంటాయి. చాలాచోట్ల మైళ్లు కూడా పాత అక్షరం ప్రకారమే పడతాయి. లాంజ్, అదనపు లగేజీ కూడా వస్తాయా లేదా అన్నది ఒక్కో ఎయిర్‌లైన్‌లో ఒక్కో తీరు. ఆఫర్ మెయిల్‌లో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, డబ్బు కట్టకముందే చదవండి.

డబ్బు కట్టేముందు, కట్టాక

ఫేర్ రూల్స్ అనే లింక్ నొక్కి నాలుగు విషయాలు చూడండి: గరిష్ఠంగా ఎన్నాళ్లు ఉండొచ్చు, తేదీ మార్పుకి ఎంత, రద్దుకి ఎంత, ఎన్ని పెట్టెలు. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, వివాదం వస్తే అదే ఆధారం. ఏజెంట్ దగ్గర కొంటే ఎయిర్‌లైన్ రుసుము కాక ఏజెంట్ రుసుము విడిగా ఎంతో కూడా రాయించుకోండి.

అమెరికాకి వెళ్లే లేదా అక్కడినుంచి వచ్చే విమానానికి కనీసం ఏడు రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా బుక్ చేస్తే, 24 గంటల్లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకునే వీలో, డబ్బు కట్టకుండా ఆ ధరకి టికెట్ ఆపి ఉంచే వీలో ఇవ్వాలని అక్కడి రవాణా శాఖ నియమం. రద్దు వీలిచ్చే ఎయిర్‌లైన్‌లో మంచి ధర కనిపిస్తే ముందు తీసేసుకుని, ఆ ఒక్క రోజులో ఇంట్లోవాళ్లని అడగొచ్చు, ఇంకోచోట ధర చూడొచ్చు. ఏజెంట్ సైట్లలో ఈ హక్కు అలాగే ఉంటుందని అనుకోవద్దు.

ఇక అప్‌గ్రేడ్‌కి తిరగబడిన సంగతి. బిజినెస్‌కో ప్రీమియం ఎకానమీకో టికెట్ కొన్నవాళ్లని విమానాశ్రయంలో విమానం మారిందనో, సీటు పాడైందనో ఎకానమీలోకి దింపేస్తే, ఊరికే తలూపి ఎక్కేయకండి. 2023లో తెచ్చిన డీజీసీఏ నిబంధన ప్రకారం దేశీయ ప్రయాణమైతే పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం వెనక్కివ్వాలి. అంతర్జాతీయ ప్రయాణమైతే 1500 కిలోమీటర్ల వరకు 30 శాతం, 3500 వరకు 50 శాతం, ఆ పైన 75 శాతం. కౌంటర్లో ఉన్నవాళ్లు వోచర్ ఇస్తామంటే ఒప్పుకోకముందు ఈ లెక్క చెప్పండి. పాత బోర్డింగ్ పాస్ ఫొటో తీసి, కొత్తదాన్ని దాచుకుని, దింపిన కారణం మెయిల్‌లోనో కాగితం మీదో రాసిమ్మని అడిగాకే గేటు వైపు వెళ్లండి.